ఆరు తూటాల లెక్క

ఈమధ్య సినిమాల్లో తుపాకీకి తూటాలు అయిపోవడమే లేదు. హీరో రెండు చేతుల్లో రెండు పట్టుకుని పాడుబడిన ఫ్యాక్టరీలోకి తాపీగా నడుచుకుంటూ పోతాడు. వెనక పాట మోగుతూ ఉంటుంది. అది ముగిసేదాకా కాలుస్తూనే ఉంటాడు. మనుషులు రాలిపోతుంటారు, కార్లు గాల్లోకి లేస్తుంటాయి. ఒక్కసారైనా ఆగి తూటాలు నింపుకోడు. గొట్టం వేడెక్కి చెయ్యి చురుక్కుమందని విదిలించుకోడు. మడమ తన్ని భుజం నొచ్చిందని తడుముకోడు. కాల్చినవాడి ఒంట్లో కాల్చిన జాడే కనిపించదు.

మా రోజుల్లో రివాల్వర్‌కు ఆరు తూటాలు. ఏడోది లేదు. లేదని తీసేవాళ్ళకు తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. ఆ లేని ఏడో తూటా చుట్టూనే సగం కథ తిరిగేది.

మాది అలిపిరి. కొండెక్కే జనం పాదాల మండపంలో స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేసి, మొదటి మెట్టుకు పసుపు కుంకుమ రాసి బయలుదేరే చోటు. ఇప్పుడు అలిపిరి అంటే చాలామందికి టోల్‌గేటు, బ్యాగుల తనిఖీ, వాహనాల వరస గుర్తొస్తాయి. 2003 అక్టోబరు 1న ఇక్కడి ఘాట్ రోడ్డు దగ్గరే అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కారు కింద మందుపాతరలు పేలాయి. ఆయన గాయాలతో బయటపడ్డారు. పేలుడు అంటే ఏమిటో, దాని తర్వాత ఊరు ఎట్లా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెర మీద తుపాకీని చిచ్చుబుడ్డిలా వాడుతుంటే నాకు మండుకొచ్చేది అందుకే. ఆయుధం చూస్తే భయం పుట్టాలి. ఆ భయం పుట్టించడం పాతవాళ్ళకు చేతనయింది, వీళ్ళకు చేతకావడం లేదు.

1971 ఆగస్టు 27న 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా. పద్మాలయా వాళ్ళ నిర్మాణం, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. కృష్ణ హీరో, విజయనిర్మల హీరోయిన్, నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం. మద్రాసు స్టూడియోల్లో అట్ట కొండలు కట్టి తీయొచ్చు, ఎవరూ కాదనరు. కానీ వాళ్ళు యూనిట్టునంతా మోసుకుని రాజస్థాన్ ఎడారికి, బికనీరు వైపు పోయారు. ఆ ఇసుక, ఆ ఎండ, ఆ గుర్రాలు, టోపీ అంచు కింద సగం కనిపించే కృష్ణ ముఖం! తిరుపతిలో చూసిన మా ఈడువాళ్ళను ఇవాళ అడిగినా కళ్ళు మెరుస్తాయి. ఆ తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి కూడా డబ్బింగ్ చేసి విదేశాలకు పంపారు. కౌబాయ్ కథను కౌబాయ్‌ల భాషలోనే చూపించడానికి ఎంత గుండె ఉండాలి!

అప్పట్లో మాకు ఒక అలవాటు ఉండేది. తెర మీద కాల్పులు మొదలైతే నేల టికెట్టు వాళ్ళం వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాళ్ళం. ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గరికొచ్చేసరికి హాలంతా ఊపిరి బిగబట్టేది. ఆరు దాటి ఏడోది పేలితే మాత్రం ఊరుకునేవాళ్ళం కాదు. "ఏందబ్బా, యాడ నింపినావు?" అని వెనక నుంచి ఎవరో ఒకరు కేకేసేవాళ్ళు. సినిమా తీసినాయన వినకపోయినా ఆ కేక ముఖ్యం. ప్రేక్షకుడు లెక్కచూస్తున్నాడన్న జ్ఞానం తీసేవాడికి ఉంటే చెయ్యి అదుపులో ఉంటుంది. ఇప్పుడు ఆ లెక్క చూసేవాళ్ళూ లేరు, ఆ కేకా లేదు.

ఆ లెక్క మాకు ఇంగ్లీషు సినిమాలు నేర్పాయి. మద్రాసు మాకు మూడున్నర గంటల దూరం. ఏ పని మీద పోయినా ఒక ఆట చూడకుండా తిరిగొచ్చేవాళ్ళం కాదు. 'మెకన్నాస్ గోల్డ్' మన దేశంలో ఎంత ఆడిందో ఆ తరానికి తెలుసు. అరవంలో జైశంకర్‌ను పెట్టి కర్ణన్ 'కాలం వెల్లుం', 'గంగా' లాంటివి తీస్తే చిత్తూరు వైపు వాళ్ళం అవీ వదల్లేదు. వీటన్నిటికీ పైన నిలబడేది సెర్జియో లియోనె తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ', 1966 నాటిది.

అందులో తుపాకుల అంగడి ఘట్టం ఒకటి ఉంది. ఈలై వాలక్ వేసిన టూకో, ఎడారిలో ఎండి చచ్చిబతికి ఊళ్ళోకొచ్చి తుపాకులు అమ్మే ముసలాయన దగ్గరికి పోతాడు. ఆయన బల్ల మీద వరసగా రివాల్వర్లు పరుస్తాడు. టూకో ఒకటి తీసుకుని గొట్టంలోంచి వెలుగుకు పెట్టి చూస్తాడు. ఇంకోదాని సిలిండర్‌ను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పి ఆ టికటిక వింటాడు. నచ్చదు. పక్కన పెడతాడు. ఒకదాని గొట్టం, ఇంకోదాని సిలిండర్, మరోదాని పిడి ఊడదీసి తనకు కావలసిన తుపాకీ తనే బిగించుకుంటాడు. అంగడాయన గుడ్లప్పగించి చూస్తుంటాడు. మాటలు చాలా తక్కువ. ఆ కాస్త సేపట్లోనే, ఈ మొరటువాడికి చదువు రాకపోయినా ఒక విద్య మాత్రం నరనరాన ఉందని మనకు తెలిసిపోతుంది. తుపాకీతోనే మనిషి స్వభావం చెప్పడం అంటే అదీ. చివర శ్మశానంలో ముగ్గురూ గుండ్రంగా నిలబడి ఒకరినొకరు చూసుకుంటారే, అక్కడా మలుపు తూటాల మీదే. టూకో తుపాకీలో తూటాలు లేవు. ముందురాత్రే క్లింట్ ఈస్ట్‌వుడ్ పాత్ర వాటిని తీసేసి ఉంటుంది. తూటాలు అయిపోని తుపాకీతో ఈ కథ చెప్పగలరా?

ఆ సినిమాలో తప్పు లేదని అనను. కథ జరిగేది 1862లో, అమెరికా అంతర్యుద్ధం నడుమ. అప్పటి కోల్ట్ నేవీ రివాల్వర్‌కు సిలిండర్‌లోని ఒక్కో గదిలో మందు పోసి, గుండు దిగేసి, వెనక క్యాపు తొడగాలి. ఇత్తడి తూటా పెట్టే వీలున్న కోల్ట్‌లు వచ్చింది 1870ల్లో. తెర మీద మాత్రం టూకో ఇత్తడి తూటాలే నింపుతాడు. పదేళ్ళ తేడా. కానీ అది తుపాకీ గురించి బాగా తెలిసినవాళ్ళ చేతిలో జరిగిన తేడా. పైగా అవి ఇటలీలో పనివాళ్ళు పాత నమూనాలు చూసి అచ్చం అట్లాగే చేసిన తుపాకులు. బరువూ చప్పుడూ అన్నీ సరిపోయేవి.

హాలీవుడ్ వాళ్ళూ ఇదే బాపతు. జాన్ ఫోర్డ్ 1956లో తీసిన 'ది సెర్చర్స్' కథ 1868లో మొదలవుతుంది. జాన్ వేన్ నడుముకు 1873 నాటి కోల్ట్, చేతిలో 1892 నాటి వించెస్టర్. ఎందుకంటే 1892 మోడల్ గట్టిది, చవగ్గా దొరికేది, రోజంతా పేల్చినా మొరాయించేది కాదు. దాన్నే ముందున్న చెక్క తీసేసి, పక్కలకు ఇత్తడి రంగు వేసి, ఇంకా పాతదైన హెన్రీ రైఫిల్‌లా చూపించేవాళ్ళు. లాస్ ఏంజెలెస్‌లో స్టెంబ్రిడ్జ్ అని ఒక సంస్థ 1920ల నుంచి సినిమాలకు తుపాకులు అద్దెకివ్వడమే వృత్తిగా పెట్టుకుంది. పెట్టుడు తూటాల్లోనూ ఎంత బుర్ర వాడారో చూడండి. 'ఫైవ్ ఇన్ వన్' అని ఒకటే రకం బ్లాంకు తూటా చేశారు. మూడు సైజుల రివాల్వర్లు, రెండు సైజుల రైఫిళ్ళు, అన్నిట్లోనూ అదే పడుతుంది. షూటింగులో ఒకదాని తూటా ఇంకోదానికి కలిసిపోయి అవస్థ పడక్కర్లేదు. అబద్ధమే చెప్పారు, కానీ నిజం తెలిసి చెప్పారు.

1873 కోల్ట్ సంగతి ఇంకాస్త చెప్తాను, ఎందుకంటే వెస్టర్న్ సినిమాల నడక అంతా దాని నడకే. కిలో పైచిలుకు బరువు. ప్రతి గుండుకూ వెనకున్న సుత్తిని బొటనవేలితో లాగాలి. లాగితే నాలుగు టిక్కులు వినిపిస్తాయి. ట్రిగ్గర్ నొక్కితే ఒక్కటే పేలుతుంది. మళ్ళీ లాగాలి. ఆరూ అయిపోతే పక్కనున్న చిన్న తలుపు తెరిచి, గొట్టం కిందున్న కడ్డీతో ఖాళీ ఇత్తడి గుల్లల్ని ఒక్కొక్కటే బయటికి నెట్టి, ఒక్కొక్కటే కొత్తది పెట్టాలి. జాగ్రత్త తెలిసినవాడు అయిదే నింపి సుత్తిని ఖాళీ గది మీద ఆనించి పెట్టుకునేవాడు, గుర్రం మీద కుదుపుకు తన కాలే తను కాల్చుకోకుండా. అంటే నిజానికి ఆరు కూడా కాదు, అయిదు. ఆ నింపుకునే వ్యవధి ఉందే, అదే సినిమా. బండరాయి చాటున కూలబడి వణికే వేళ్ళతో తూటా పెడుతున్నవాడు ఒకవైపు, అవతల ఇసుకలో దగ్గరికొస్తున్న బూటు చప్పుడు ఇంకోవైపు. ఈ కాలం దర్శకులు ఆ వ్యవధినే కత్తిరించి పారేశారు.

మన నేల మీద తుపాకీకి ఇంతకంటే పెద్ద ఓపిక కావాలి. చిత్తూరు సీమలో నరగంటి, పులిచెర్ల, మొగరాల పాళెగాళ్ళు 1804లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డారు. అడవిలో దాక్కుని పోరాడిన వాళ్ళ చేతుల్లోవి నిప్పు ఒత్తి తుపాకులు. గొట్టంలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, చెవిలో సన్నమందు పెట్టి, రగులుతున్న ఒత్తిని సరిచేసి అప్పుడు నొక్కాలి. వానొస్తే ఒత్తి తడిసి తుపాకీ కాస్తా దుడ్డుకర్ర అయిపోతుంది. రాత్రి పొదలో నక్కితే ఆ నిప్పుకణమే శత్రువుకు చోటు చూపిస్తుంది. కంపెనీ సిపాయిలవి చెకుముకి తుపాకులు. బాగా తర్ఫీదైనవాడు నిమిషానికి మూడు గుండ్లు కాల్చేవాడు. అదే గొప్ప వేగం ఆ రోజుల్లో. ఈ వేగాల తేడాలోనే ఎన్ని కథలున్నాయి! అంతకుముందు ఇదే కంపెనీతో యుద్ధం నడుమ, చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరులో హైదరలీ దండు విడిదిలోనే కన్నుమూశాడు. ఇంత తుపాకీ చరిత్ర కాళ్ళ కింద పెట్టుకుని, ఏ దేశమో ఏ కాలమో తెలియని యంత్రాన్ని తెచ్చి మన హీరో చేతిలో పెడుతున్నారు.

అల్లూరి సీతారామరాజు సంగతే తీసుకోండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. తీసుకుపోయింది మొత్తం 26 తుపాకులు, కొద్ది వేల తూటాలు. ఏమేం పట్టుకుపోతున్నదీ స్టేషన్లో రాసిపెట్టి మరీ పోయాడు. ఒక్కో తుపాకీ ఒక్కో ప్రాణంతో సమానమైన రోజులవి. అడవిలో తూటా అయిపోతే అంగట్లో దొరకదు. ఆయన కథతో 1974 మే 1న వచ్చిన కృష్ణ సినిమాలో దర్శకుడు వి. రామచంద్రరావు నడుమలోనే పోతే, పోరాట ఘట్టాలు తీసింది మళ్ళీ ఆ కె.ఎస్.ఆర్. దాసే, కెమెరా మళ్ళీ ఆ స్వామిదే. కౌబాయ్ సినిమాతో చెయ్యి తిరిగినవాళ్ళు మన్యం కథకు పనికొచ్చారు. విద్య ఒకచోట నేర్చి ఇంకోచోట వాడడమంటే ఇదే.

బరువు గురించి కూడా ఒక మాట. మా చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ. వేషగాళ్ళు పెట్టుకునే కిరీటాలు, భుజకీర్తులు చెక్కవి, అద్దాలు పొదిగినవి. అవి కట్టుకుని రాత్రంతా అడుగు వేస్తుంటే మెడ నరాలు ఉబ్బి కనిపించేవి. ఆ బరువు వేషంలో భాగం. రాజు తల ఎత్తి నిలబడేది ఆ కిరీటం పడిపోకుండా ఉండడానికే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో దొర వేషం కట్టినవాడు కత్తి పట్టుకుంటే, ఆ కత్తి కోసం అతని నడక మారుతుంది. నడుముకు కిలో ఇనుము వేలాడితే మనిషి ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. పాత సినిమాల్లో ఆ ఒరగడం కనిపిస్తుంది. ఇప్పుడు రబ్బరుదో ప్లాస్టిక్‌దో ఇస్తున్నారు. నలుగురు మోయాల్సిన మరతుపాకీని హీరో ఒంటిచేత్తో ఎత్తి తిప్పుతుంటే, అది బొమ్మని పసిపిల్లాడికీ తెలిసిపోతుంది.

ఇక నిప్పూ పొగా. ఇప్పుడు షూటింగులో తుపాకీ పేలదు. నటుడు ఉత్తినే చెయ్యి కుదిపితే, తర్వాత కంప్యూటర్లో మంట అంటిస్తారు. ఆ మంట వెలుగు పట్టుకున్నవాడి ముఖం మీద పడదు, పక్క గోడ మీద పడదు. నల్లమందు కాలితే తెల్లటి చిక్కటి పొగ లేస్తుంది. నాలుగు గుండ్లు పేలాక అవతలివాడు కనిపించడు. పొగ రాని మందు వచ్చింది 1880ల్లో, ఫ్రాన్సులో. అంతకుముందు కథ ఏది తీసినా తెర మీద పొగ ఉండాలి, ఆ పొగలో తడబాటు ఉండాలి. మన పాత కాలపు కథల్లో కూడా ఇప్పుడు పొగ లేదు.

నిజం తుపాకులు తెచ్చి పేల్చమని నేను అనడం లేదు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే కుర్ర నటుడు బ్లాంకే కదా అని కణతకు ఆనించి నొక్కుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. గుండు లేకపోయినా ఆ గాలి దెబ్బ చాలు. 1993లో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ షూటింగులోనే చనిపోయాడు. అంతకుముందు వాడిన డమ్మీ తూటా ముక్క గొట్టంలో ఇరుక్కుని ఉంది, వెనక బ్లాంకు పేలేసరికి అది బయటికి దూసుకొచ్చింది. 2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో 'రస్ట్' అనే కౌబాయ్ సినిమాకే పని చేస్తున్న హలీనా హచిన్స్ అనే కెమెరామనిషి రిహార్సల్లో తూటా తగిలి పోయింది. పాత కోల్ట్ నమూనా తుపాకీ అది, లోపల నిజం తూటా ఉంది. ఆయుధాలు చూసుకోవాల్సిన ఆమెకు జైలు శిక్ష పడింది. ఇవన్నీ చదివాక ఏ తల్లి కన్న బిడ్డ ముందూ పేలే తుపాకీ పెట్టమని ఎవరంటారు? కంప్యూటర్ మంట పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మంట పెట్టే కుర్రాడికి ఒకసారి నల్లమందు పొగ చూపించండి. బరువున్న డమ్మీ చేయించండి. నెల ముందే నటుడికిచ్చి నడుముకు కట్టుకుని తిరగమనండి. ఫైటు మాస్టారు పక్కన తుపాకీ సంగతి తెలిసిన రిటైరైన సిపాయినొకణ్ణి కూర్చోబెట్టండి. రాయలసీమలో మాజీ సైనికులకు కరువా?

మా మనవడికి తుపాకుల పేర్లన్నీ తెలుసు. ఫోన్లో ఆట ఆడతాడు. ఏది ఏ దేశానిది, దేనికి ఎన్ని తూటాలు పడతాయి, నింపడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, అన్నీ గడగడా అప్పజెప్తాడు. "తూటాలు అయిపోతే దాక్కోవాలి తాతా, లేకపోతే సచ్చిపోతాం" అన్నాడు. నాకు సంతోషమేసింది. లెక్క ఆ తరానికీ వచ్చు! మా నేల టికెట్టు వాళ్ళ వేళ్ళ లెక్క, వీడి ఫోన్ లెక్క ఒకటే. మధ్యలో కోట్లు పోసి సినిమా తీసేవాళ్ళే దాన్ని మరిచిపోయారు. కృష్ణ పోయిన మరుసటి ఏడు, 2023 మే 31న 'మోసగాళ్ళకు మోసగాడు' కొత్త ప్రింటుతో మళ్ళీ విడుదలైంది. యాభై ఏళ్ళు దాటిన సినిమాకు పిల్లలు వచ్చి ఈలలు వేశారు. చూసేవాళ్ళకు రుచి పోలేదు, వడ్డించేవాళ్ళే మారిపోయారు.

తీయడానికి కథలు లేవా? శేషాచలం అడవి మా ఇంటి వెనకే ఉంది. ఈ అడవిని నరికేవాళ్ళ కథతో సినిమా తీసి దేశమంతా ఆడించారు. ఈ సీమను కాచుకున్న పాళెగాళ్ళ కథ ఒక్కటి తీయండి. 1804, వానాకాలం. కంపెనీ పటాలం లోయలోకి దిగుతోంది. పైన బండ మీద ఒకడు, చేతిలో ఒత్తి తుపాకీ, మందు ఒక్కసారి కాల్చడానికే ఉంది. ఈశాన్యాన మబ్బు పట్టింది. ఒత్తిని అరచేతి చాటున దాచి ఊదుకుంటున్నాడు. చినుకు పడేలోగా దొర తుపాకీ దూరంలోకి వస్తాడా, రాడా? దీనికి కార్లు ఎగరక్కర్లేదు, పాట మోగక్కర్లేదు. ఆ ఒత్తి ఎంత పొడవుందో మాత్రం మాకు సరిగ్గా చూపించండి, చాలు.